మదర్ యూనిట్‌లో మదర్ ఎక్కడ?

దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలుపెట్టి కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం దాటి హయత్‌నగర్ దాకా విజయవాడ హైవే మీద వెళ్ళండి. "నాటుకోడి" అన్న మాట ఎన్ని బోర్డుల మీద కనబడుతుందో లెక్కపెట్టలేరు. నాటుకోడి పులుసు, నాటుకోడి బిర్యానీ, నాటుకోడి రాగిసంగటి, నాటుకోడి పచ్చడి. కొన్నిచోట్ల "ఒరిజినల్ నాటుకోడి" అని కూడా రాసి ఉంటుంది. ఒరిజినల్ టమాటా అని, ఒరిజినల్ బెండకాయ అని ఎవరూ బోర్డు పెట్టరు. నమ్మకం సడలిన సరుక్కే అలాంటి విశేషణం అవసరమవుతుంది.

ఇంతకీ నాటు అంటే ఏంటి? షాపులో అడిగితే సాధారణంగా మూడు జవాబులొస్తాయి. ఈకలు రంగురంగులుగా ఉండాలి. మాంసం గట్టిగా ఉండాలి, కుక్కర్ నాలుగు విజిల్స్ ఎక్కువ వెయ్యాలి. షెడ్డులో కాకుండా బయట తిరిగి పెరగాలి. మూడూ తినేవాడి కంచం దగ్గర కూర్చుని చెప్పిన జవాబులే. పైగా మూడింటినీ తయారుచేయడం పెద్ద కష్టం కాదు. రంగు ఈకల సంకరజాతి పిల్లలు హేచరీలో దొరుకుతాయి. వాటిని నాలుగైదు నెలలు పెంచి అమ్మితే మాంసం దానంతటదే గట్టిపడుతుంది. చుట్టూ జాలీ కట్టి వదిలితే బయట తిరిగినట్టే లెక్క.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. నాటుతనం ఈకలో లేదు, ముక్కలో లేదు, పులుసులో అసలే లేదు. పొదుగులో ఉంది. సిటీలో పెరిగినవాళ్ళకి పొదుగు అంటే ఆవుదే గుర్తొస్తుంది కాబట్టి వివరంగా చెప్తున్నా. తను పెట్టిన గుడ్ల మీద తానే 21 రోజులు కూర్చుని, పిల్లల్ని లేపి, వాటిని వెంటేసుకు తిరిగి పెద్ద చేయగలిగిన పెట్ట ఉన్నంతకాలమే అది నాటుకోడి. ఆ గుణం పోయిన రోజు మిగిలేది రంగు ఈకల ఫారం కోడి. మనం ఆ గుణాన్ని పోగొట్టుకుంటున్నాం. ఏదో కాలం మారి దానంతటదే పోవడం లేదు, పథకాలు రాసి, సబ్సిడీలిచ్చి, అభివృద్ధి అని పేరుపెట్టి మరీ పోగొడుతున్నాం.

పొదుగుకొచ్చిన పెట్టని దగ్గర్నుంచి చూడనివాళ్ళ కోసం ఆ పనేంటో చెప్పాలి. ఒక విడత గుడ్లు పెట్టాక పెట్ట ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. గూట్లోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడిచి, గొంతు మార్చి గుర్రుమంటుంది, పొడుస్తుంది. పొట్టకింద ఈకలు రాలి, వెచ్చటి చర్మం నేరుగా గుడ్లకి తగులుతుంది. రోజులో ఒకసారి లేచి గబగబా నాలుగు గింజలు ఏరుకుని, నీళ్ళు తాగి, గుడ్లు చల్లారకముందే తిరిగొస్తుంది. గుడ్లని ముక్కుతో అటూ ఇటూ దొర్లిస్తుంటుంది. అలా దొర్లించకపోతే లోపలి పిండం పెంకు పొరకి అంటుకుపోతుంది. ఇదే పని యంత్రంతో చేయించాలంటే 37.5 డిగ్రీల దగ్గర వేడిని నిలిపి ఉంచే థర్మోస్టాట్, తేమ చూసే మీటరు, గుడ్లు తిప్పే మోటారు, వీటన్నిటికీ కరెంటు, కరెంటు పోతే ఇన్వర్టర్ కావాలి. పెట్టకి కావాల్సింది ఒక గంప, అందులో కాస్త ఊకో వరిగడ్డో, ఎవరి కాలూ తగలని ఒక మూల.

మన ఇళ్ళల్లో కోడిని పొదిగెయ్యడం ఒక విద్య. ఏ పెట్ట నిమ్మళంగా కూర్చుంటుంది, ఏది మధ్యలో లేచిపోతుంది, ఏ పెట్ట కింద ఎన్ని గుడ్లు పడతాయి అన్నది ఇంటి ఆడవాళ్ళకి తెలుసు. పేలు పట్టకుండా గంపలో వేపాకు వేస్తారు. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని బొగ్గు ముక్కో ఇనుప మేకో పెట్టే ఇళ్ళున్నాయి. పిల్లలు లేచే రోజులు దగ్గరపడ్డాక గుడ్లని గోరువెచ్చని నీళ్ళలో వదిలి, కదిలేది ఏదో కదలనిది ఏదో చూస్తారు. మేకు సంగతి నమ్మకం, వేపాకు సంగతి అనుభవం. రెండూ కలగలిసిపోయిన ఈ విద్యకి సర్టిఫికెట్ లేదు కాబట్టి అది విద్య అని మనకి తోచదు.

21వ రోజుతో పని అయిపోదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఒకరోజు పిల్లకి తన ఒంటి వేడిని తాను కాపాడుకునే శక్తి ఉండదు. మొదటి వారం దానికి దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారం వారం కొంచెం కొంచెంగా తగ్గించాలి. షెడ్డులో ఆ పని బల్బులు చేస్తాయి. పెరట్లో పెట్ట రెక్కలు చేస్తాయి. బల్బు చెయ్యలేనివి ఇంకా ఉన్నాయి. గద్ద పైనుంచి వస్తే ఒక కూత, పిల్లి నేలమీద వస్తే వేరే కూత. ఏ కూతకి చెట్టుకింద దూరాలో, ఏ కూతకి ఎగిరి తప్పుకోవాలో పిల్లలు తల్లి వెంట ఉండగా నేర్చుకుంటాయి. ఏది తినాలో కూడా తల్లే చూపిస్తుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీలో క్రిస్టీన్ నికోల్ బృందం 1996లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఫలానా రంగు మేత మంచిది కాదని ముందుగా పెట్టలకి అలవాటు చేశారు. తర్వాత తమ పిల్లలు అదే రంగు మేత తింటుంటే ఆ పెట్టలు నేలని మరింత గట్టిగా గీకుతూ, పొడుస్తూ పిల్లల్ని మంచి మేత వైపు పిలిచాయి. అంటే పెట్ట ఊరికే అలవాటుకొద్దీ కొక్కొక్కో అనడం లేదు, పిల్ల చేస్తున్న తప్పుని గమనించి దిద్దుతోంది. మన ఊళ్ళో ముసలమ్మకి ఇది చెప్తే, దీనికి యూనివర్సిటీ ఎందుకు బిడ్డా అంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేను తల్లిప్రేమ గురించి పద్యం చదవడం లేదు. పిల్లలకోడిని చూపించి ఆడవాళ్ళకి త్యాగం బోధించే సాహిత్యం మనకి చాలినంత ఉంది. నా లెక్క వేరు. పొదగడం అంటే ఒక జాతి తన తర్వాతి తరాన్ని ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరికీ డబ్బు కట్టకుండా తానే తయారుచేసుకోవడం. ఇది ఆస్తి గురించిన మాట. హక్కు గురించిన మాట.

ఈ గుణం ఎలా పోయింది? పెద్ద రహస్యమేం లేదు. పొదుగులో కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు. 21 రోజుల పొదుగు, ఆపైన నెలన్నర రెండు నెలలు పిల్లలతో తిరుగుడు. గుడ్ల వ్యాపారికి ఆ కాలమంతా నష్టం. కాబట్టి తరతరాలుగా పొదగని పెట్టల్నే ఏరి పెంచారు. వైట్ లెగ్‌హార్న్ అలా పుట్టుకొచ్చిన జాతే. అసలు యంత్రంలో పొదిగించడం మొదలుపెడితే ఏరే శ్రమ కూడా తగ్గిపోతుంది. పెరట్లో పొదగని పెట్టకి పిల్లలుండవు, దాని వంశం దానితోనే ఆగిపోతుంది. యంత్రం దగ్గర పొదిగే పెట్టకీ పొదగని పెట్టకీ తేడా లేదు. పైగా పొదగనిది ఎక్కువ గుడ్లిస్తుంది కాబట్టి దాని సంతానమే ఎక్కువ. కొన్ని తరాల్లో లెక్క తేలిపోతుంది.

మన దగ్గర ఈ కథకి హైదరాబాదే కేంద్రం. 1971లో బి.వి. రావు ఇక్కడ వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. 1982లో ఆయన చొరవతోనే నెక్ వచ్చింది, గుడ్డు ధరని రైతులే చెప్పే పద్ధతి వచ్చింది. ఆ పరిశ్రమ వల్ల గుడ్డు పేదవాడికి అందింది. స్కూల్లో మధ్యాహ్న భోజనంలో పిల్లాడి కంచంలో గుడ్డు పడుతోందంటే దాని వెనక ఆ లేయర్ కోడే ఉంది. దీన్ని కాదనేవాళ్ళు ఆకలి తెలియనివాళ్ళు. ఫారం కోడి మీద నాకు పగేం లేదు. అది ఫారం కోడిగా తన పని తాను చేస్తోంది. దాని ఖరీదు ఎక్కడ కడుతున్నామో చూడాలంటే మాత్రం నగరం ఫుట్‌పాత్‌ల మీద అట్టపెట్టెలో పెట్టి అమ్మే గులాబీ రంగు, పచ్చ రంగు, నీలం రంగు కోడిపిల్లల్ని చూడండి. గుడ్ల జాతిలో పుట్టిన మగపిల్లలవి. గుడ్లు పెట్టవు, మాంసానికి ఎదగవు. హేచరీకి అక్కర్లేని సరుకు. రంగు పూసి పది ఇరవై రూపాయలకి పిల్లల చేతిలో పెడతారు. రెండు మూడు రోజులు చియ్‌చియ్‌మని చచ్చిపోతాయి. వేడి లేక చస్తాయి. ఆ వేడి ఇవ్వాల్సిన రెక్క దాని వంశంలో ఎప్పుడో కొట్టేశారు. ఇలా పుట్టిన మగపిల్లల్ని అదేరోజు చంపేయడాన్ని జర్మనీ 2022 నుంచి చట్టంతో ఆపింది. మనం రంగులద్దుతున్నాం.

ఫారం తన పని తాను చేసుకుంటే గొడవ లేదన్నాను. గొడవ ఎక్కడంటే, పెరటి కోడిని కూడా ఫారం లెక్కలోకి లాగిన చోట. ఎల్బీనగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా వెళ్తే రాజేంద్రనగర్ వస్తుంది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి వారి కోళ్ళ పరిశోధనా సంస్థ అక్కడే ఉంది. 1988లో మొదలైంది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అక్కడ తయారైన రకాలే. పెరట్లో పెంచడానికే తయారుచేశారు. చూడ్డానికి రంగురంగుల నాటుకోళ్ళలాగే ఉంటాయి, రోగాల్ని బాగానే తట్టుకుంటాయి, బయట తిరిగి మేస్తాయి. మామూలు నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే వనరాజా వంద దాటుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. మంచి శాస్త్రవేత్తలు మంచి ఉద్దేశంతో చేసిన పని. ఒక్కటే తక్కువ. అవి చాలావరకు పొదుగుకి కూర్చోవు.

కూర్చున్నా పెద్దగా ఉపయోగం లేదు. వనరాజా రెండు వేర్వేరు వంశాల సంకరం. దాని పిల్లల్లో ఆ బరువు, ఆ గుడ్ల సంఖ్య అలాగే నిలవవు. అంటే ఆ రకాన్ని పెంచే ఇల్లాలు ప్రతి రెండేళ్ళకీ మళ్ళీ పిల్లల కోసం వెళ్ళాల్సిందే. ఆ పిల్లల్ని ఎవరిస్తారు? ఇక్కడే నాకు ఈ వ్యాసానికి శీర్షిక దొరికింది. ప్రభుత్వ పథకాల్లో హేచరీ నుంచి ఒకరోజు పిల్లల్ని తెచ్చి, బల్బుల కింద నాలుగు వారాలు పెంచి లబ్ధిదారులకిచ్చే షెడ్డుకి ఒక పేరుంది. మదర్ యూనిట్. అందులో బల్బులుంటాయి, డ్రింకర్లుంటాయి, ఊక పరిచిన నేల ఉంటుంది. మదర్ మాత్రం ఉండదు. 2021లో సవరించిన జాతీయ పశుధన మిషన్ కింద కనీసం 1000 పేరెంట్ కోళ్ళతో ఫారం, హేచరీ, మదర్ యూనిట్ పెట్టేవాళ్ళకి 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల దాకా సబ్సిడీ ఉంది. పెరట్లో పొదిగే పెట్టని నిలబెట్టుకున్న ఇల్లాలికి ఆ లెక్కలో చోటెక్కడ? ఆమె తల్లిని పెంచుతోంది, యూనిట్‌ని కాదు.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. 60 గుడ్లెక్కడ, 160 గుడ్లెక్కడ? పేదవాడి ఇంట్లో పిల్లలకి వంద గుడ్లు ఎక్కువ దొరుకుతుంటే పొదుగు గురించి పాఠాలు చెప్తావా? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పోలికలో ఒక మోసం ఉంది. నాటుపెట్ట గుడ్లని లెక్కేస్తున్నారు గానీ అది లేపిన పిల్లల్ని లెక్కెయ్యడం లేదు. ఉదాహరణకి ఒక పెట్ట ఏడాదిలో మూడుసార్లు పొదిగింది అనుకుందాం. ప్రతిసారీ 10 గుడ్లు వేస్తే 8 లేచాయి, గద్దకి పిల్లికి పోను 4 పెద్దయ్యాయి. అంటే ఏడాదికి 12 కోళ్ళు. ఒక్కోటి బజారులో ఎంత పలుకుతుందో ఎల్బీనగర్ బోర్డులే చెప్తాయి. మిగతా గుడ్లు ఇంట్లోకి. ఖర్చు గుప్పెడు నూకలు, ఇంటి ముందు పురుగూ పుట్రా. కరెంటు బిల్లు లేదు, పిల్లలకి అడ్వాన్స్ లేదు, పథకం ఆగిపోతే కోడి ఆగిపోదు. అవతలి వైపు 160 గుడ్లలో మేత ఖర్చు తియ్యండి, మళ్ళీ పిల్లలు కొనే ఖర్చు తియ్యండి, బల్బు ఖర్చు తియ్యండి. అప్పుడు పోల్చండి. అప్పుడు కూడా గ్రామప్రియే గెలిచే ఇళ్ళు ఉండొచ్చు, రోజూ గుడ్డే ముఖ్యమైన ఇళ్ళు. ఉండనివ్వండి. నేను అడిగేది గ్రామప్రియని తరిమెయ్యమని కాదు. పొదిగే పెట్టకి సున్నా మార్కులు వేసే పరీక్షని మార్చమని.

ఇంకో సంగతి. ఊళ్ళల్లో తెలివైన ఇల్లాళ్ళు ఈ సమస్యకి వాళ్ళ దారి వాళ్ళే వెతుక్కున్నారు. సంకరజాతి గుడ్లని తీసి నాటుపెట్ట కింద వేస్తారు. పెట్టకి ఎవరి గుడ్డైనా ఒకటే. అంటే మీ అభివృద్ధి చేసిన కోడి కూడా పెరట్లో రెండో తరం చూడాలంటే అభివృద్ధి చెందని కోడి పొట్టకిందే దూరాలి. ఆ పెట్ట ఉన్నంతవరకే ఈ ఏర్పాటు. ఊరంతా సంకర పుంజులు తిరిగితే, వాటితో కలిసిన నాటుపెట్టల కూతుళ్ళకి పొదుగు బుద్ధి పలచబడుతుంది. అప్పుడు ఎవరి పొట్టకింద వేస్తారు?

2019 పశుగణనలో దేశంలో మొత్తం కోళ్ళు, బాతులు వగైరా 85 కోట్లు. అందులో పెరటివి దాదాపు 31.7 కోట్లు. ఏడేళ్ళలో పెరటి పక్షులు 46 శాతం పెరిగాయి. ఈ అంకె చూసి పెరటి కోడికి మంచిరోజులొచ్చాయని సంబరపడొచ్చు. పెరట్లో తిరగడం వేరు, పెరట్లో పుట్టడం వేరు.

విత్తనం విషయంలో మనకి ఈ తేడా బాగా తెలుసు. ప్రతి ఏడూ ప్యాకెట్ కొంటే తప్ప మొలకెత్తని సేద్యం రైతుని ఏం చేస్తుందో పత్తి జిల్లాల్లో చూశాం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు తమ విత్తనాన్ని తాము దాచుకుంటే అది ఉద్యమమని గుర్తించాం. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వస్తే గర్వపడ్డాం. విత్తనం దాచుకోవడం స్వాతంత్ర్యమైతే గుడ్డు పొదిగించుకోవడం ఏంటి? తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆదివాసీ మహిళల మధ్య అసీల్ కోళ్ళకి "వాటా" పద్ధతి ఉండేది. కోడి లేని ఆమెకి కోడి ఉన్న ఆమె ఒక పెట్టనిస్తుంది. పిల్లలు లేచాక ఇద్దరూ పంచుకుంటారు. మహిళా పశువైద్యులు నడిపిన ఆంత్ర అనే సంస్థ ఆ పద్ధతిని గుర్తించి, దాన్ని మళ్ళీ నిలబెట్టే పని చేసింది. ఈ బ్యాంకుకి మూలధనం ఏంటో గమనించండి. పొదిగే పెట్ట. పొదగని కోడిని వాటాకిస్తే పంచుకోవడానికి ఏం మిగులుతుంది? పెట్ట పొదుగు పోయిన రోజున భూమి లేని, గొడ్డు లేని ఆడమనిషి చేతిలో ఉన్న ఆ ఒక్క వడ్డీ వ్యాపారం కూడా మూతపడుతుంది.

ఇంతదాకా సర్కారుని, కంపెనీలని అన్నాను. ఇక జాతి కోళ్ళని కాపాడుతున్నామనే మనవాళ్ళ దగ్గరికి వద్దాం. అసీల్ మీద మోజు ఇప్పుడు ఎల్బీనగర్ డాబాల మీదికి కూడా ఎక్కింది. చిలకముక్కు, మెట్టవాటం, పొడవు తోక. ఫోటోలు, వీడియోలు, వేలకి వేలు, లక్షల్లో కూడా బేరాలు. అసీల్ అన్నది అరబీ మాట. మనం రోజూ వాడే "అసలు" కూడా ఆ మూలం నుంచే వచ్చింది. అసలైనది అని అర్థం. కానీ ఆ అసలుతనమంతా పుంజులోనే చూస్తారు. అనుభవం ఉన్న పెంపకందారు పుంజుని అమ్ముతాడు గానీ మంచి పెట్టని గడప దాటనివ్వడన్నది నిజమే. ఆ పెట్టకి విలువ దాని రక్తానికి. దాని పొదుగుకి కాదు. అసీల్ పెట్ట ఏడాదికి పెట్టేదే కొద్ది గుడ్లు. అది పొదుగులో కూర్చుంటే బేరం పోతుందని గుడ్లు తీసేసి యంత్రంలో పెడతారు, లేదా మామూలు నాటుపెట్ట కింద వేస్తారు. పొదుగు మాన్పించడానికి చల్లనీళ్ళలో ముంచుతారు, ముక్కులో ఈక గుచ్చుతారు. పందెం మీద కోర్టుల్లో, టీవీల్లో ప్రతి సంక్రాంతికీ చర్చ జరుగుతుంది, జరగాలి కూడా. ముక్కులో ఈక మీద ఎప్పుడూ జరగలేదు. ఇలా పది తరాలు చేస్తే అసీల్ కూడా రూపానికి అసీల్, బుద్ధికి లెగ్‌హార్న్ అవుతుంది. రాజసం నిండిన మెడ ఉంటుంది, వంశం నిలబెట్టుకునే తెలివి ఉండదు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. అమెరికాలో పాత జాతుల్ని కాపాడే లైవ్‌స్టాక్ కన్జర్వెన్సీ అనే సంస్థ హెరిటేజ్ కోడి అంటే ఏంటో నిర్వచించింది. పాత ప్రామాణిక జాతై ఉండాలి, సహజంగా జత కట్టాలి, ఆరుబయట ఎక్కువకాలం బతకాలి, మెల్లగా ఎదగాలి. జత కట్టడం సహజంగా జరగాలని పట్టుబట్టినవాళ్ళు, పొదగడం సహజంగా జరగాలని అనలేదు. మగవాడి పాత్ర ప్రకృతికి, ఆడదాని పాత్ర యంత్రానికి.

మన అక్షరాల్లోనూ ఇంతే. పల్నాటి కథలో రాజ్యం మారింది కోడిపుంజుల పందెం మీద. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగినవాళ్ళు ఆగి చూసింది కోడిపందెమే. కుక్కుట శాస్త్రం పేరుతో పుంజు ఈక రంగుని బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సవల, కౌజు, మైల అని పేర్లు పెట్టి, ఏ రోజు ఏ దిక్కున ఏది గెలుస్తుందో కూడా రాసుకున్నాం. నిమ్మళంగా కూర్చునే పెట్టకి ఒక పేరు, మధ్యలో లేచే పెట్టకి ఒక పేరు, పక్కదాని పిల్లల్ని కూడా రెక్కకింద వేసుకునే పెట్టకి ఒక పేరు ఆ శాస్త్రంలో వెతకండి. అవి వంటింటి మాటల్లో ఉంటాయి, శాస్త్రాల్లోకి రావు. ఇక కొత్త సాహిత్యానికొస్తే, ఊరు వదిలొచ్చి ఎల్బీనగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్న మన కథల్లో, కవితల్లో కోడి కూస్తుంది, లేదా పులుసులో ఉడుకుతుంది. కూయనప్పుడు, ఉడకనప్పుడు అది ఏం చేస్తుందో మనకి పట్టదు. అమ్మమ్మ చేతి నాటుకోడి పులుసు మీద పేజీలు రాస్తాం. ఆ అమ్మమ్మ పొదిగేసిన గంప మీద ఒక్క పేరా రాయం. పోయిన రుచి గురించి ఏడ్చే సాహిత్యం పోతున్న పని గురించి మాట్లాడకపోతే అది కూడా ఆ హైవే బోర్డు లాంటిదే, కాస్త మంచి ఫాంట్‌లో.

సరే, ఏం చెయ్యాలి? మొదట డాబాల వాళ్ళకి. అపార్ట్‌మెంట్‌లో తెల్లారుజామున నాలుగింటికి కూత గురించి గొడవలవుతాయని చాలామంది కోళ్ళ ఆలోచనే మానేస్తారు. కూసేది పుంజు. పొదగడానికి పుంజు అక్కర్లేదు. అసోసియేషన్ ఒప్పుకుని, నీడ, జాలీ, శుభ్రం చూసుకునే ఓపిక ఉంటే ఒక్క నాటుపెట్ట చాలు. కిరాణా కొట్టు గుడ్లు పనికిరావు, బోనుల్లో పుంజుండదు కాబట్టి అవి గాలిగుడ్లు. పుంజు తిరిగే ఇంటినుంచి వారం లోపు పెట్టిన గుడ్లు ఎవరైనా సూర్యాపేట నుంచో నకిరేకల్ నుంచో బస్సులో తెస్తే, ఒకరోజు కదపకుండా ఉంచి రాత్రిపూట పెట్ట కిందికి జరపండి. కొక్కెర తెగులు టీకా మాత్రం మరవద్దు. నాటుకోడికి రోగాలు రావన్నది కూడా ఒక బోర్డే.

అసీల్ పెంచేవాళ్ళకి ఒక్క మాట. పుంజు వంశవృక్షం రాసుకునే పుస్తకంలోనే పెట్ట ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని లేపింది, ఎన్ని బతికించింది రాయండి. పొదిగి పిల్లల్ని పెంచిన పెట్ట సంతానానికే జాతి అని పేరు పెట్టండి.

రాజేంద్రనగర్‌కి, పథకాలు రాసేవాళ్ళకి అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. ఆ సంస్థ అసీల్, కడక్‌నాథ్, ఘాగస్ లాంటి దేశీ జాతుల్ని సంరక్షిస్తోంది. సంతోషం. యంత్రంలో పుట్టి యంత్రంలో పొదిగే సంరక్షణ మ్యూజియం లాంటిది. పెరట్లో పెట్ట కిందే తరాలు గడిచే మందలు కూడా కొన్ని ఊళ్ళల్లో ఉండాలి, వాటిని పెంచే ఆడవాళ్ళకి జాతి కాపాడినందుకు జీతం అందాలి. ఇరవై సంకర పిల్లలిచ్చే ప్రతి ఇంటికీ రెండు పొదిగే నాటుపెట్టలు కూడా ఇవ్వాలి. అప్పుడు వచ్చే ఏడు ఆ ఇల్లాలు ఏ ఆఫీసు ముందూ నిలబడక్కర్లేదు. లబ్ధిదారుల జాబితాలోంచి ఆమె పేరు కొట్టెయ్యొచ్చు. ఒక పథకం గెలిచిందనడానికి అంతకన్నా మంచి గుర్తేముంది?

చేతిలో పిల్లలకోడి ఉన్న మనిషి ఎవరికీ లబ్ధిదారు కాదు. బహుశా అందుకే ఏ పథకమూ ఆమెకి పెట్టనివ్వదు, పిల్లల్నిస్తుంది.